కోరంగి సరంగు ఆచూకీ: మనిషికన్నా ముందు ఓడను వెతకండి

ప్రశ్న: మా ముత్తాతగారిది తాళ్ళరేవు దగ్గరి కోరంగి. ఉప్పెన వచ్చిన ఏడాది పుట్టారనీ, మొదట కోరంగి తెరచాప ఓడల మీద, తర్వాత పొగ ఓడల మీద పనిచేసి సరంగు అయ్యారనీ, ఇంగ్లీషువాళ్ళ నేవీలో చేరి లండన్ వెళ్ళి వచ్చారనీ మా ఇంట్లో చెప్పుకుంటారు. 1880లో పుట్టిన మా తాతగారికి ఏడాది నిండకముందే ఆయన రంగూన్ ఓడ ఎక్కారట, మరి తిరిగి రాలేదట. ఆయనవని మా దగ్గరున్నది ఒక ఇంగ్లీషు అచ్చు కాగితం మాత్రమే. ఓడ పేరు, మనిషి పేరు ఉండవలసిన పై భాగాన్ని చెదలు తినేశాయి. ఒక ఐదంకెల సంఖ్య, గ్లాస్గో, సరంగు, కలకత్తా, 1876 అనే మాటలు, రెండుచోట్ల 'వెరీ గుడ్' అనే ముద్ర మిగిలాయి. ఆ సంఖ్య ఆయన నేవీ నంబరేనా? మారిషస్ వెళ్ళిన కూలీల జాబితాలో ఆయన పేరే ఉన్న మనిషి ఒకరు కనిపించారు. ఆయనేనా? ఎక్కడ మొదలుపెట్టాలి? (కాకినాడ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని)

సమాధానం: మీ దగ్గరున్నది చిన్న ఆధారం కాదు. మీరు వర్ణించిన గుర్తులన్నీ బ్రిటిష్ వర్తక నౌకల మీద పనిచేసిన నావికుడికి ప్రయాణం ముగిశాక ఇచ్చే డిశ్చార్జి సర్టిఫికెట్‌కు సరిపోతున్నాయి. ఆ పత్రంలో ఓడ పేరు, దాని సంఖ్య, అది ఏ రేవులో రిజిస్టరయిందో ఆ ఊరి పేరు, నావికుడి పేరు, వయసు, పుట్టిన చోటు, హోదా, పనిలో చేరిన తేదీ, విడిచిన తేదీ, విడిచిన రేవు ఉంటాయి. చివర పనితనం గురించి ఒకటి, ప్రవర్తన గురించి ఒకటి, కెప్టెన్ అభిప్రాయాలు రెండు ఉంటాయి. మీ కాగితంలో 'వెరీ గుడ్' రెండుసార్లు కనిపించడానికి కారణం అదే. అంటే ఆ కాగితం మీ ముత్తాతగారిదే అయితే, 1876లో కలకత్తాలో ఓడ దిగేనాటికి ఆయన సరంగు హోదాలో, అంటే ఓడ పనివాళ్ళ పెద్దగా, ఉన్నారనీ, కెప్టెన్ ఆయన మీద ఏ ఫిర్యాదూ రాయలేదనీ ఇప్పుడే చెప్పవచ్చు.

ఆ ఐదంకెల సంఖ్య మాత్రం ఆయనది కాదు, ఓడది. 1854 నాటి బ్రిటిష్ మర్చంట్ షిప్పింగ్ చట్టం ప్రకారం, 1855 నుంచి, రిజిస్టరయిన ప్రతి వర్తక నౌకకూ ఒక అఫీషియల్ నంబరు ఇచ్చారు. ఓడ చేతులు మారినా, పేరు మారినా, రిజిస్టరయిన రేవు మారినా ఆ సంఖ్య మారదు. ఓడ పోతే దానితోపాటే పోతుంది గాని మరో ఓడకు ఇవ్వరు. 1870లలో ఇచ్చిన సంఖ్యలు ఐదంకెలవే కాబట్టి మీరు రాసినది అందుకు సరిపోతుంది. దీనివల్ల మీ మరో సందేహం కూడా తీరుతుంది. రాయల్ నేవీ యుద్ధనౌకలకు ఇలాంటి అఫీషియల్ నంబరు గాని, రిజిస్టరయిన రేవు గాని ఉండవు. కాబట్టి కనీసం 1876లో ఆయన పనిచేసినది నేవీలో కాదు, వర్తక నౌకలో. ఓడ ఉద్యోగాన్నంతటినీ నేవీ అనేయడం కోస్తా ఇళ్ళలో మామూలే గనుక ఇంటివారు అబద్ధం చెప్పారని అనుకోనక్కరలేదు, కానీ నేవీ రికార్డుల్లో ఆయన కోసం కాలం వృథా చేయవద్దు.

గ్లాస్గో అన్న మాటను కూడా జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. అది ఓడ రిజిస్టరయిన ఊరు మాత్రమే, మీ ముత్తాతగారు ఆ ఊరు చూశారనడానికి అది సాక్ష్యం కాదు. కలకత్తా వ్యాపారం చేసిన కంపెనీలు గ్లాస్గోలో చాలానే ఉండేవి. అందులో మీ కథకు చాలా దగ్గరగా వచ్చేది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. కలకత్తాకూ బర్మాకూ మధ్య టపా మోయడానికి 1856లో వేరే పేరుతో మొదలై, 1862లో ఈ పేరు పెట్టుకున్న ఆ కంపెనీ ఓడలు గ్లాస్గోలో రిజిస్టరయ్యేవి గాని, తిరిగినది ఎక్కువగా మన తీరంలో, రంగూన్ దారిలోనే. కాకినాడ రేవులో లంగరు వేసే ఓడలవి. అలాంటి ఓడ మీద జీవితమంతా పనిచేసినా విలాయతు గడ్డ మీద కాలు పెట్టని సరంగులు ఉండి ఉంటారు. ఇంకోవైపు, కలకత్తా నుంచి సూయజ్ కాలువ మీదుగా బ్రిటన్‌కు సరకు మోసిన కంపెనీల ఓడలు కూడా గ్లాస్గోవి ఉండేవి. మీ ఓడ ఈ రెండు రకాలలో ఏదో తేలితేనే లండన్ ప్రయాణం మాట తేలుతుంది.

ఇక్కడే నా ప్రధానమైన సలహా. ముత్తాతగారి పేరు పెట్టి వెతకడం ఆపి, ఓడను వెతకండి. కారణం ఆ కాలపు దస్త్రాలు ఉంచిన పద్ధతిలో ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం వర్తక నౌకల నావికులను 1835 నుంచి పేరుపేరునా ఒకచోట నమోదు చేయడానికి ప్రయత్నించి, 1857లో ఆ ప్రయత్నాన్ని మానుకుంది. మళ్ళీ 1913లో గాని అలాంటి కేంద్ర సూచిక మొదలుకాలేదు. ఈ మధ్యకాలంలో, అంటే సరిగ్గా మీ ముత్తాతగారు పనిచేసిన కాలంలో, నావికుల పేర్లు ఉన్నది ప్రయాణం చివర కెప్టెన్ అప్పగించే సిబ్బంది ఒప్పంద పత్రాలలోనే. వాటిని కట్టలు కట్టింది మనిషి పేరు మీద కాదు, ఓడ అఫీషియల్ నంబరు మీద. పేరు మాత్రమే తెలిసినవారు ఆ కట్టల ముందు నిస్సహాయులు. సంఖ్య తెలిసిన మీరు నేరుగా కట్ట దగ్గరికే వెళ్ళగలరు. చెదలు ఓడ పేరును తిని సంఖ్యను వదిలిపెట్టడం మీ అదృష్టమని నేను నిస్సంకోచంగా అంటాను.

సంఖ్య నుంచి ఓడ పేరు తెలుసుకోవడం ఇంట్లో కూర్చుని అరగంటలో చేయగల పని. 1857 నుంచి ఏటా అచ్చయిన మర్కంటైల్ నేవీ లిస్ట్ అనే ప్రభుత్వ జాబితా పుటలను, సంఖ్యను బట్టి ఓడను చూపే సూచికను క్రూ లిస్ట్ ఇండెక్స్ ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ తన వెబ్‌సైటులో ఉచితంగా ఉంచింది. అక్కడ ఓడ పేరు, రేవు, టన్నులు, ఆవిరి ఓడో తెరచాప ఓడో, యజమాని ఎవరో దొరుకుతాయి. యజమాని పేరే మీకు దారి చూపుతుంది. ఆ తర్వాత ఓడల వివరాలు అచ్చువేసే లాయిడ్స్ రిజిస్టర్ 1876 సంపుటంలో అదే ఓడను చూడండి. కట్టిన చోటు, ఏడాది, కెప్టెన్ పేరు అందులో ఉంటాయి. ఆ సంపుటాలు కూడా ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. కెప్టెన్ పేరును తప్పక రాసుకోండి. ఒకే పేరుగల ఓడలు ఒకే కాలంలో రెండు మూడు ఉండేవి గనుక, పాత పత్రికల రాకపోకల పట్టికలలో మీ ఓడను గుర్తుపట్టడానికి ఓడ పేరొక్కటే చాలదు, కెప్టెన్ పేరు కూడా కలిసి రావాలి.

ఇక ఒప్పంద పత్రాల సంగతి. ఇవి ఇప్పుడు ఒకచోట లేవు. బ్రిటన్‌లోని జాతీయ ఆర్కైవ్స్ అంత కాగితాన్ని భరించలేక, 1861 తర్వాతి పత్రాలలో నూటికి పది చొప్పున నమూనాగా ఉంచుకుని మిగిలినవాటిని వదులుకుంది. 1865, 1875, 1885 ఇలా అయిదుతో ముగిసే సంవత్సరాలవి గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం తీసుకుంది. కొన్నిటిని ఆయా రేవుల స్థానిక ఆర్కైవ్స్ తీసుకున్నాయి. మిగిలిన వాటిని, అంటే మొత్తంలో దాదాపు 70 శాతాన్ని, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ విశ్వవిద్యాలయం సెయింట్ జాన్స్ పట్టణానికి తరలించుకుని మారిటైమ్ హిస్టరీ ఆర్కైవ్‌లో భద్రపరిచింది. కోరంగి మనిషి ఆచూకీ కెనడా మంచు తీరంలో ఉండవచ్చన్నది వింతగా తోచవచ్చు గాని, 1876 పత్రం దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది అక్కడే. వారికి ఓడ పేరు, అఫీషియల్ నంబరు, సంవత్సరం రాసి పంపితే ఆ కట్ట ఉందో లేదో చెప్తారు, రుసుము తీసుకుని నకలు పంపుతారు. అడిగేటప్పుడు 1876 ఒక్కటే కాక 1877 కూడా అడగండి. ప్రయాణం ముగిసిన ఏడాది కింద పత్రాలను చేర్చే పద్ధతి వల్ల, ఒక ఏడాది బయలుదేరినవారి పేర్లు మరుసటి ఏడాది కట్టలో ఉండడం సాధారణం. అలాగే గ్రీనిచ్‌కు అదే ఓడ 1875 పత్రం కోసం విడిగా రాయండి. సరంగులు నచ్చిన కెప్టెన్ దగ్గర ఏళ్ళ తరబడి ఉండిపోయేవారు.

కట్ట చేతికి వచ్చాక నిరాశ పడకుండా ఉండడానికి ఒక మాట ముందే చెప్పాలి. యూరోపియన్ నావికుల విషయంలో ఆ పత్రం చాలా వివరంగా ఉంటుంది. పేరు, వయసు, పుట్టిన ఊరు, అంతకుముందు పనిచేసిన ఓడ, జీతం, సంతకమో లేక గీసిన గుర్తో, అన్నీ ఉంటాయి. లష్కర్లు అని పిలిచిన ఆసియా నావికులకు వేరే ఒప్పందం ఉండేది, అది ప్రత్యేక కాగితం మీద ఉండేది. అది ఒకచోట పూర్తి పేర్లతో, వయసుతో, ఊరితో ఉంటుంది. మరోచోట అంతమంది లష్కర్లు అని లెక్క మాత్రమే వేసి ఊరుకుంటారు. ఆ కాగితం కట్టకు జతపడి మిగిలిందా లేదా అన్నది కూడా చెప్పలేం. అందువల్ల నకలు అడిగేటప్పుడు పై పుట మాత్రమే కాక, లష్కర్ల ఒప్పందం, కెప్టెన్ లాగ్ బుక్ అందులో ఉంటే వాటితో సహా మొత్తం కట్ట కావాలని స్పష్టంగా రాయండి. రోగం, మరణం, తగాదా, జరిమానా లాంటివి లాగ్ బుక్‌లోకి ఎక్కేవి. మంచి నడవడికగల మనిషి అందులో కనిపించకపోవచ్చు, ఆయన కింద పనిచేసినవారి పేర్లు మాత్రం కనిపించవచ్చు.

ఆ పేర్లే ముఖ్యం. డెక్ మీది పనివాళ్ళనూ, ఇంజిను గది పనివాళ్ళనూ వేర్వేరు సరంగులు కుదుర్చుకుని తెచ్చేవారు. సరంగు తన ఊరివాళ్ళను, చుట్టాలను వెంటబెట్టుకు రావడం ఆనవాయితీ. జాబితాలో సరంగు తర్వాత తండేలు (సరంగు కింది పెద్ద), కసాబు (సామాన్లు చూసేవాడు), కలాసీలు (మామూలు నావికులు) వరుసగా ఉంటారు. మీ ముత్తాతగారి పేరును కలకత్తా గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాసి ఉంటాడు. ఇంటిపేరు వదిలేసి ఉండవచ్చు, లేదా ఇంటిపేరునే అసలు పేరనుకుని ఉండవచ్చు, స్వామి, రాజు, అయ్య లాంటి చివరలు మాయమై ఉండవచ్చు. ఆ ఒక్క పేరుతో నిర్ధారణకు రాకండి. కింద ఉన్న కలాసీల పేర్లలో మీ బంధువుల ఇంటిపేర్లు, పక్క ఊళ్ళ పేర్లు తగిలితే, పుట్టిన చోటు గడిలో కోరంగి అనో కాకినాడ అనో ఉంటే, అప్పుడు నమ్మవచ్చు. ఒట్టి మద్రాసు అని ఉంటే అది నగరం కాదు, మద్రాసు ప్రెసిడెన్సీ అంతటికీ వాడిన మాట అయ్యుండవచ్చు.

వయసును సరిచూడడానికి ఉప్పెన మాట మీకు బాగా పనికివస్తుంది. గోదావరి ముఖద్వారపు ప్రజల జ్ఞాపకంలో నిలిచిన పెద్ద ఉప్పెనలలో మూడు ఇక్కడ ఆలోచించదగినవి. 1789 నాటిది, 1839 నవంబరులో కోరంగిని ముంచినది, 1864 నవంబరు 1న మచిలీపట్నం మీద విరుచుకుపడి 30 వేలమంది వరకు ప్రాణాలు తీసినది. 1789లో పుట్టినవారు 1876లో ఓడ మీద ఉండరు. 1864లో పుట్టినవారు అప్పటికి పన్నెండేళ్ళ పిల్లవాడు, సరంగు కాలేడు. 1839 అయితే ముప్పై ఏడేళ్ళు, సరంగుకు సరైన వయసు. కాబట్టి జాబితాలో 35 నుంచి 40 మధ్య వయసున్న సరంగు మీకు కావలసిన మనిషి అయ్యే అవకాశం ఉంది. ఆ గడిలో 35, 40 లాంటి, అయిదుకో పదికో సరిపెట్టిన అంకెలే ఎక్కువ కనిపిస్తాయి గనుక రెండు మూడేళ్ళ తేడాకు ఆయన్ని తోసిపుచ్చకండి.

ఓడ యజమాని బ్రిటిష్ ఇండియా కంపెనీయే అని తేలితే దారి కొంచెం మారుతుంది. హిందూ మహాసముద్రంలోనే తిరిగిన ఓడల ఒప్పందాలు భారత చట్టం కింద ఇక్కడి రేవుల షిప్పింగ్ మాస్టర్ అనే అధికారి దగ్గర జరిగి, లండన్‌కు చేరకుండానే ఉండిపోయి ఉండవచ్చు. అప్పుడు సెయింట్ జాన్స్‌లో ఏమీ దొరకకపోవడం ఆయన లేడనడానికి రుజువు కాదు. ఆ కంపెనీ దస్త్రాలు పీ అండ్ ఓ అనే ఓడల కంపెనీ దస్త్రాలతో కలిసి గ్రీనిచ్ మ్యూజియంలోనే ఉన్నాయి. వాటిలో ఓడల చరిత్ర బాగా దొరుకుతుంది గాని, సరంగుల పేర్లు దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. మన వైపున చూడదగినవి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్న మద్రాసు ప్రభుత్వ మెరైన్ శాఖ, సుంకాల శాఖ దస్త్రాలు, జిల్లా కలెక్టర్ల ఉత్తరాలు. 1859కి ముందు సూచికలలో గోదావరి జిల్లా అని వెతికితే ఏమీ రాదు. అప్పటి దాకా అది రాజమండ్రి జిల్లా. ఈ చిన్న విషయం తెలియక ఎగ్మూరు నుంచి వట్టి చేతులతో తిరిగివచ్చేవారు ఉంటారు.

కోరంగి తెరచాప ఓడల కాలం గురించి మీరు ఎక్కువ ఆశించకండి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ తీరంలో ఓడలు కట్టడానికి పేరుపొందిన రేవు కోరంగి. 1802లో ఒక ఇంగ్లీషు వ్యాపారి అక్కడ డాక్ కట్టించగా అందులో ఆల్బట్రాస్ అనే యుద్ధనౌకను కూడా బాగుచేశారు. మేట వేసి రేవు పూడిపోవడం, అమెరికా అంతర్యుద్ధ కాలపు పత్తి ఎగుమతితో కాకినాడ పుంజుకోవడం, ఆవిరి ఓడలు రావడం, అన్నీ కలిసి కోరంగి నావికులను పొగ ఓడల వైపు నడిపించాయి. మీ ఇంటి కథ ఈ చరిత్రకు అచ్చంగా సరిపోతోంది. అయితే ఆ దేశవాళీ ఓడల కలాసీల జాబితాలు నిలవలేదనే అనుకోవాలి. 1841 నాటి పదో చట్టం కింద జరిగిన ఓడల రిజిస్ట్రేషన్‌లో యజమాని, కట్టిన చోటు, టన్నులు ఉంటాయి, కలాసీల పేర్లు ఉండవు. మీ కుటుంబానికి యానాంతో పెళ్ళి సంబంధాలుంటే మాత్రం, ఫ్రెంచి పాలనలోని ఆ ఊరి జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ఫ్రాన్స్‌లోని ఎక్స్ ఆన్ ప్రోవాన్స్ ఆర్కైవ్స్ ద్వారా చూడవచ్చు. ఒక్కోసారి పొరుగు రాజ్యపు గుమాస్తా మన రాజ్యపు గుమాస్తాకన్నా శ్రద్ధగా రాస్తాడు.

మారిషస్ జాబితాలోని మనిషి మీ ముత్తాతగారని ఒప్పుకోవడానికి నాకు ఏ ఆధారమూ కనిపించడం లేదు. అది ఒప్పందం మీద వెళ్ళిన కూలీల రిజిస్టరు, ఓడ నడిపినవారు అందులోకి ఎక్కరు. అందులో కోరంగి అని ఉన్నా అది ఎక్కిన రేవు కావచ్చు, పుట్టిన ఊరు కానక్కరలేదు. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆ రిజిస్టర్లను భద్రపరుస్తోంది. తండ్రి పేరు, ఊరు, వయసు కలుస్తాయో లేదో వారిని అడిగి తేల్చుకోండి, అంతదాకా వంశవృక్షంలోకి ఆ మనిషిని చేర్చకండి.

ఆయన చివరి ప్రయాణం విషయానికి వస్తే, మీరు చెప్పిన లెక్కన అది 1880 లేదా 1881. బ్రిటిష్ వర్తక నౌకల మీద చనిపోయిన నావికుల జీతం బాకీలు, సామాన్లు నమోదు చేసిన రిజిస్టర్లు 1852 నుంచి 1881 దాకా లండన్ శివార్లలోని క్యూలో, జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటికి నావికుల పేర్ల సూచికతోపాటు ఓడల పేర్ల సూచిక కూడా ఉంది. అయితే చివరి ప్రయాణం 1876 ఓడ మీదనే జరిగిందనుకోకూడదు. అదే కంపెనీకి చెందిన రంగూన్ ఓడలన్నిటినీ ఆ రెండేళ్ళకూ చూడాలి. ఓడే మునిగిపోయి ఉంటే మర్కంటైల్ నేవీ లిస్ట్ తర్వాతి సంపుటాలలో అది కనిపించదు, రిజిస్ట్రేషన్ ఎందుకు మూసివేశారో ఆ రిజిస్టరు నకలులో రాసి ఉంటుంది. ఆయన రంగూన్‌లో ఓడ దిగి అక్కడే మరో కాపురం పెట్టి ఉండవచ్చన్న అవకాశాన్ని కూడా మీరు మనసులో ఉంచుకోవడం మంచిది. అది ఇంట్లో ఎవరూ చెప్పుకోని విషయం.

నేవీ సంగతి మరీ వదలలేకపోతే క్లుప్తంగా చెప్తాను. రాయల్ నేవీలో 1853 నుంచి నిరంతర సేవ పద్ధతి వచ్చింది, అప్పటి నుంచి నావికుల సేవా రిజిస్టర్లను క్యూ వెబ్‌సైటులో పేరుతో వెతకవచ్చు. అంతకుముందు కాలానికైతే అక్కడ కూడా ఓడ పేరు లేనిదే పని జరగదు. బొంబాయి కేంద్రంగా 1830 నుంచి 1863 దాకా ఇండియన్ నేవీ పేరుతో నడిచిన దళం కాగితాలు బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు రికార్డులలో ఉన్నాయి, అవి ప్రధానంగా అధికారులవి. లండన్ ప్రయాణం నిజమని ఓడ ద్వారా తేలిన తర్వాతే, 1857లో లైమ్‌హౌస్‌లో ఆసియా నావికుల కోసం తెరిచిన స్ట్రేంజర్స్ హోమ్ అనే వసతి గృహం గురించి ఆలోచించండి.

ఇప్పుడు మీరు చేయవలసిన మొదటి పని ఆ కాగితాన్ని కాపాడడం. దానికి సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే చేయించవద్దు. మడతలు బలవంతంగా విప్పకుండా, పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి రెండు వైపులా ఫోటోలు తీయించండి. వెనుక వైపు కూడా ఎందుకంటే అక్కడ షిప్పింగ్ ఆఫీసు ముద్ర గాని, చేతిరాత గాని ఉండవచ్చు. చెదలు తిన్న అంచు దగ్గర చేరిన తేదీ, విడిచిన తేదీ అంకెలలో సగమైనా మిగిలాయేమో భూతద్దంతో చూడండి. ఐదంకెలలో 3, 8 లాంటివి ఒకదానికొకటి పొరపడేలా ఉంటే, రెండు రకాలుగానూ సంఖ్య రాసుకుని రెంటినీ సూచికలో వెతకండి. గ్లాస్గోలో రిజిస్టరయి, 1876లో పనిచేస్తూ ఉన్న ఓడను చూపే సంఖ్యే మీది. ఆ ఓడ పేరు దొరికిన రోజున సెయింట్ జాన్స్‌కు ఉత్తరం రాయండి, ఫోటోను దానికి జతచేయండి.